అబద్ధాలతో బతికినవారి వాంగ్మూలాలు: ‘బెటర్ కాల్ సాల్’ చివరి సీజన్‌లో నాకు నచ్చిన ఎపిసోడ్లు

సభకు నమస్కారం.

‘బెటర్ కాల్ సాల్’ ధారావాహిక 2015 ఫిబ్రవరిలో అమెరికాలోని ఏఎంసీ ఛానల్లో మొదలై, ఆరు సీజన్లు నడిచి, 2022 ఆగస్టు 15న ముగిసింది. మొత్తం 63 ఎపిసోడ్లలో చివరి సీజన్‌వి పదమూడు. ఆ పదమూడింటిలో నాకు బాగా నచ్చినవి ఏవి, ఎందుకు నచ్చాయి అన్నదే ఈ ప్రసంగ విషయం. కథ ముగింపు దాచిపెట్టి ఈ విషయం మాట్లాడటం నాకు చేతకాదు కనుక, ఇంకా చూడనివారు ఎవరైనా ఉంటే వారికి ముందే మనవి చేస్తున్నాను: ఆఖరి దృశ్యం దాకా అన్నీ చెప్పేస్తాను.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బకర్కీ నగరంలో జిమ్మీ మెక్‌గిల్ అనే చిన్నపాటి లాయరు ఉంటాడు. నోటితో బతికే మనిషి. ఎదుటివాడికి ఏం కావాలో ఇట్టే కనిపెట్టి, ఆ కోరికకు తగిన కథ అప్పటికప్పుడు అల్లి నమ్మబలకగలడు. అతనే క్రమంగా నేరగాళ్ల వకీలు సాల్ గుడ్‌మన్‌గా మారతాడు. ఈ సాల్‌ను ప్రేక్షకులు 2008 నుంచి 2013 వరకు నడిచిన ‘బ్రేకింగ్ బ్యాడ్’లో అప్పటికే చూసి ఉన్నారు. ఆ కథ ముగిశాక అతను నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాకు పారిపోయి, జీన్ అన్న దొంగ పేరుతో ఒక మాల్‌లో సినబన్ అనే తీపి రొట్టెల దుకాణం మేనేజరుగా తలదాచుకుంటాడు. ఆ భాగాలన్నీ నలుపు తెలుపులో ఉంటాయి. అంటే కథానాయకుడి గతి ఏమవుతుందో చాలామటుకు తెలిసే చూస్తున్నాం. తెలియనిది అతని చుట్టూ ఉన్నవారి సంగతి. భార్య కిమ్ వెక్స్‌లర్, ఒకప్పటి యజమాని హోవర్డ్ హామ్లిన్, మాదకద్రవ్యాల ముఠాలో చిక్కుకున్న నాచో వర్గా: ఈ ముగ్గురిలో ఒక్కరూ పాత ధారావాహికలో కనిపించరు. 2009లో సాల్ తొలిసారి తెర మీదికి వచ్చిన ఎపిసోడ్లో, ఎడారిలో తుపాకీ ముందు మోకరిల్లి, తప్పు తనది కాదనీ ఇగ్నాసియోదనీ ప్రాధేయపడతాడు. లాలో పంపించాడా అని అడుగుతాడు. ఆ ఇగ్నాసియోయే నాచో. ఒక్క వాక్యంలో విసిరేసిన ఆ రెండు పేర్లకు పదమూడేళ్ల తరవాత రచయితలు బాకీ తీర్చారు.

చివరి సీజన్‌ను నేను మూడుసార్లు చూశాను. రెండోసారి చూస్తుండగా ఒక విషయం తట్టింది. నాకు నచ్చిన ఎపిసోడ్లన్నిటికీ కేంద్రంలో ఒక వాంగ్మూలం ఉంది. ఇన్నేళ్లూ కట్టుకథలతో నెట్టుకొచ్చిన మనుషులు ఒక్కొక్కరే ఒక చోట ఆగి, జరిగింది జరిగినట్టు చెప్పడానికి నోరు తెరుస్తారు. న్యాయవాదుల కథ కదా, ఆ పని కోర్టులో జరుగుతుందనుకుంటాం. కానీ మొదటిది ఎడారిలో, రెండోది ఒక ఫ్లాట్‌లోని ముందు గదిలో, మూడోది ఒక వితంతువు ఎదుట జరుగుతాయి. కోర్టు వంతు అన్నిటికంటే చివర వస్తుంది. ఈ ఎపిసోడ్ల గురించి నాకు చెప్పాలనిపించేదంతా ఈ వరుసలోనే ఉంది.

మొదట మూడో ఎపిసోడ్, ‘రాక్ అండ్ హార్డ్ ప్లేస్’. రాసినదీ దర్శకత్వం వహించినదీ గోర్డన్ స్మిత్. ఎపిసోడ్ ఆరంభంలో మనుషులు ఉండరు. ఎడారి నేల మీద కెమెరా నెమ్మదిగా జరుగుతుంది, వాన చినుకులు పడతాయి, ఒక చిన్న నీలి పువ్వు కనిపిస్తుంది, దాని పక్కనే ఇసుకలో ఒక గాజుముక్క. అది ఎవరిదో, అక్కడికి ఎలా చేరిందో మనకు తెలియదు. నలభై నిమిషాలు గడిచాక తెలుస్తుంది, తెలిసిన తరవాత ఆ పువ్వును మరోలా చూడటం కుదరదు.

నాచో రెండు ముఠాల మధ్య నలిగిపోయిన మనిషి. సలమాంకా కుటుంబం దగ్గర పని చేస్తూ వారి శత్రువు గస్ ఫ్రింగ్‌కు తప్పనిసరై సమాచారం చేరవేస్తుంటాడు, ఎందుకంటే మాట వినకపోతే గస్ తన తండ్రి జోలికి వస్తాడు. లాలో సలమాంకా ఇంటి మీద దాడికి తలుపు తీసింది అతనే. ఇప్పుడు వేట అతని కోసం. చమురు నింపే పాత ట్యాంకరు అడుగున, ముక్కు మునిగే దాకా ముడిచమురులో దాక్కుని ప్రాణం దక్కించుకుంటాడు. బయటపడి, ఒక మెకానిక్ షెడ్డులో ఒళ్లు కడుక్కుని, తండ్రికి ఫోను చేస్తాడు. పోలీసుల దగ్గరికి వెళ్లమని తండ్రి ఎప్పటిలాగే చెబుతాడు. కొడుకు ఆ గొంతు మరొక్కసారి వినడానికే ఫోను చేశాడని ఆయనకు తెలియదు. ఆ తరవాత నాచో గస్‌తో ఒక ఒప్పందానికి వస్తాడు: తండ్రి జోలికి ఎవరూ రాకూడదు, అందుకు బదులుగా గస్‌కు ఈ దాడితో ఏ సంబంధమూ లేదని సలమాంకాల ఎదుట చెప్పి తాను చస్తాడు.

ఎడారిలో చేతులు కట్టేసి మోకాళ్ల మీద కూర్చోబెట్టిన నాచో మాట్లాడే ఆ రెండు నిమిషాలు ఈ ధారావాహిక మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన రచన. చట్టంలో మరణ వాంగ్మూలానికి ప్రత్యేకమైన విలువ ఉంది. చావు ముందున్న మనిషి అబద్ధమాడడన్న నమ్మకం దానికి ఆధారం. ఆ నమ్మకాన్నే నాచో వాడుకుంటాడు. గస్‌కు ప్రమేయం లేదు, వేరే ముఠా తనకు డబ్బిచ్చింది అంటాడు. అది అబద్ధం, గస్‌కు ఇస్తానన్న మాట కోసం. వెంటనే ఆ కుటుంబ పెద్ద హెక్టర్ సలమాంకా కళ్లలోకి చూస్తూ, నీ గుండెజబ్బు మాత్రలు మార్చింది నేనే, నిన్ను ఆ చక్రాల కుర్చీలో కూలేసింది నేనే అంటాడు. అది పచ్చి నిజం. ఎవరూ అడగని నిజం. ఆ నిజం అంత కసిగా ఉంది కాబట్టే ముందు చెప్పిన అబద్ధాన్ని కూడా అందరూ నమ్ముతారు. తండ్రిని కాపాడేది అబద్ధమే అయినా, నాచో తల ఎత్తుకుని పోగలిగింది నిజం వల్ల. నాచోగా నటించిన మైఖేల్ మాండో ముఖంలో ఆ క్షణాన భయం లేకపోవడం చూడండి. అయిదు సీజన్లుగా ఆ ముఖంలో భయం లేని క్షణం ఒకటి చూపించమంటే వెతుక్కోవలసి వస్తుంది. గుప్పిట్లో దాచుకున్న గాజుముక్కతో కట్లు తెంచుకుని, ముఠా పెద్దల్లో ఒకడైన బోల్సా తొడలో పొడిచి, అతని తుపాకీ లాక్కుని, తన ప్రాణం తనే తీసుకుంటాడు. దూరంగా గుట్ట మీద తుపాకీ దుర్భిణిలోంచి గస్ దగ్గర పని చేసే మైక్ ఇదంతా చూస్తుంటాడు. ఆ గాజుముక్కే ఎపిసోడ్ మొదట్లో మనం చూసినది.

నాలుగు, అయిదు, ఆరు ఎపిసోడ్లు బాగున్నాయి, కానీ వాటి పని ఎక్కువగా ఏడో ఎపిసోడ్‌కు రంగం సిద్ధం చేయడమే. నాలుగో ఎపిసోడ్‌కు కిమ్ పాత్రధారిణి రియా సీహార్న్ దర్శకత్వం వహించారన్నది మాత్రం చెప్పుకోవలసిన సంగతి. ఇంటి మీద దాడిలో చనిపోయాడనుకున్న లాలో బతికే ఉన్నాడన్న కబురు మైక్ ద్వారా కిమ్‌కు తెలిసేది అందులోనే. ఆమె ఆ సంగతిని భర్త దగ్గర దాచిపెడుతుంది. ఆ దాపరికం తరవాత చాలా ఖరీదు పడుతుంది.

ఏడో ఎపిసోడ్ ‘ప్లాన్ అండ్ ఎగ్జిక్యూషన్’, 2022 మే 23న వచ్చింది. రచన, దర్శకత్వం థామస్ ష్నావుజ్. జిమ్మీ, కిమ్ కలిసి హోవర్డ్ మీద పన్నిన కుట్ర ఇందులో పండుతుంది. వృద్ధాశ్రమాల సంస్థ మీద ఉన్న పెద్ద దావా త్వరగా రాజీ అయితే జిమ్మీ వాటా చేతికొస్తుంది. అందుకోసం హోవర్డ్ కొకైన్‌కు బానిసై మతి తప్పినవాడని అందరూ నమ్మేలా వారాల తరబడి ఒక నాటకం నడుపుతారు. మధ్యవర్తిగా వచ్చిన మాజీ జడ్జి ఎదుట, మందు పూసిన ఫోటోలు ముట్టుకుని కళ్లు పెద్దవైపోయిన హోవర్డ్, జిమ్మీ ఆ జడ్జికి లంచం ఇచ్చాడంటూ వెర్రివాడిలా అరుస్తాడు. పరువు పోతుంది, దావా రాజీ అవుతుంది.

ఇదే ఎపిసోడ్లో ముందుగా ఒక చిన్న దృశ్యం ఉంది. హోవర్డ్ ఆఫీసులో పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడి చేతిలో సోడా డబ్బా కుదుపుకు గురవుతుంది. తెరిస్తే నురగ పొంగి బట్టలన్నీ తడుస్తాయి. హోవర్డ్ ఆ డబ్బాను బల్ల మీద పెట్టి, గుండ్రంగా నెమ్మదిగా తిప్పి తెరుస్తాడు. ఒక్క చుక్క కూడా చిందదు. ఈ చిట్కా తనకు చక్ మెక్‌గిల్ నేర్పాడని చెబుతాడు. చక్ జిమ్మీకి అన్న, హోవర్డ్‌కు గురువు. రెండో నిమిషంలోనే మరిచిపోయే దృశ్యమిది. కానీ ఆ మనిషి ఇంకొద్ది గంటల్లో చనిపోతాడని తెలిసి చూస్తే, ఎవరికీ కనిపించని అతని మంచితనమంతా ఆ డబ్బా తిప్పడంలో ఉందనిపిస్తుంది. ఒక పాత్రను చంపబోయే ముందు అతనిపై జాలి పుట్టించే దృశ్యాలు మనం చాలా చూశాం. అవి సాధారణంగా భార్యాబిడ్డల చుట్టూ తిరుగుతాయి. ఇక్కడ రచయిత ఒక సోడా డబ్బాతో సరిపెట్టారు, అందుకే అది అంతగా గుచ్చుకుంటుంది.

రాత్రి హోవర్డ్ ఒక విస్కీ సీసా పట్టుకుని జిమ్మీ, కిమ్‌ల ఇంటికి వస్తాడు. తనకు జరిగినదంతా పూస గుచ్చినట్టు చెబుతాడు. ఎలా చేశారో అడగడు, అది అతనికి అర్థమైపోయింది. ఎందుకు చేశారన్నదే అతని ప్రశ్న. భార్య దూరమైందని, అప్పులున్నాయని, అయినా కోలుకుంటానని అంటాడు. మీ ఇద్దరిలో ఏదో లోపించింది, దీన్నంతా మీరు సరదా కోసం చేశారు అని మొహం మీదే చెబుతాడు. హోవర్డ్ పాత్రధారి పాట్రిక్ ఫేబియన్ ఆ మాటలను కోపంగా మొదలుపెట్టి, మధ్యలో ఆశ్చర్యానికి వచ్చి, చివరికి దాదాపు జాలితో పూర్తి చేస్తారు. హోవర్డ్ అన్న ప్రతి మాటా నిజమని గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు. అతను చెప్పుకోదగిన మనుషులు లోకంలో ఆ ఇద్దరే, ఆ ఇద్దరే దోషులు. రాసుకునేవారు లేని వాంగ్మూలమది.

అప్పుడు బల్ల మీద ఉన్న కొవ్వొత్తి మంట ఒక్కసారి ఊగుతుంది. తలుపు తెరుచుకుంది. లాలో లోపలికి వస్తాడు. ఇతనెవరో హోవర్డ్‌కు తెలియదు. వెళ్లిపొమ్మని జిమ్మీ, కిమ్ అతన్ని బతిమాలుతుంటారు; అతనికి అర్థమయ్యేలోపు తూటా తలలో దిగుతుంది. లాలో గొంతు ఒక్క మెట్టు కూడా పెరగదు. మాట్లాడుకుందాం అంటాడు, అంతే.

ఈ హత్య కంటే నన్ను ఎక్కువ కలచివేసేది తరవాతి ఎపిసోడ్ మొదలు. సముద్రపు ఒడ్డున ఖాళీ కారు, అలల్లో హోవర్డ్ బూటు. కొకైన్‌కు బానిసై ఆత్మహత్య చేసుకున్నాడని లోకం నమ్మాలి. నమ్మించడానికి కావలసిన కథను జిమ్మీ, కిమ్ ముందుగానే సిద్ధం చేసి పెట్టారు. సరదాకు అల్లిన అబద్ధం హత్యను కప్పిపుచ్చే దుప్పటి అయింది. హోవర్డ్ శవాన్నీ, అదే రాత్రి గస్ చేతిలో చచ్చిన లాలో శవాన్నీ ఒకే గోతిలో పడేస్తారు. హంతకుడు, హతుడు, పక్కపక్కన. పైన ‘బ్రేకింగ్ బ్యాడ్’లో మనం ఎన్నోసార్లు చూసిన మాదకద్రవ్యాల ప్రయోగశాల నేల. ఇకమీదట పాత ధారావాహికను మళ్లీ చూసే ఎవరైనా ఆ నేల కింద ఎవరున్నారో తెలిసే చూడాలి.

తొమ్మిదో ఎపిసోడ్ ‘ఫన్ అండ్ గేమ్స్’లో హోవర్డ్ సంస్మరణ సభ జరుగుతుంది. అతని భార్య షెరిల్‌కు అనుమానం. తన భర్త మత్తుమందు వాడే మనిషి కాడని ఆమె గట్టిగా అంటుంది, జిమ్మీని నిలదీస్తుంది. జిమ్మీ తడబడతాడు. అప్పుడు కిమ్ ముందుకొచ్చి, ఒక రాత్రి ఆఫీసులో హోవర్డ్‌ను అలాంటి స్థితిలో నా కళ్లతో చూశాను అని మెత్తగా, సానుభూతి నిండిన గొంతుతో చెబుతుంది. మీరే ఆయనకు దగ్గరి మనిషి, మీకు కనిపించకుండా ఉంటుందా అన్నట్టు తప్పును తిరిగి ఆ వితంతువు మీదికే తోస్తుంది. షెరిల్ కూలిపోతుంది. ఇది దొంగసాక్ష్యం. ఈ సీజన్‌లో ఒలికిన నెత్తురంతా ఒక ఎత్తు, ఈ మెత్తని గొంతు ఒక ఎత్తు. మరునాడే కిమ్ న్యాయవాద వృత్తి వదులుకుంటుంది, భర్తనూ వదులుకుంటుంది. ప్రేమిస్తున్నానని జిమ్మీ అంటే, నేనూ ప్రేమిస్తున్నాను, అయితే ఏంటి అంటుంది. మనం కలిసి ఉంటే చుట్టూ ఉన్నవారికి చేటు అన్నది ఆమె తీర్పు. ఆ మరుక్షణం కథ కొన్నేళ్లు ముందుకు దూకి, బంగారు పూతల భవనంలో నిద్ర లేస్తున్న సాల్ గుడ్‌మన్‌ను చూపిస్తుంది. జిమ్మీ సాల్ ఎప్పుడయ్యాడని ప్రేక్షకులు ఆరు సీజన్లుగా అడుగుతున్నారు. ఆమె వెళ్లిపోయాక దృశ్యం మారిన ఆ కోతలో అయ్యాడు.

ఇదే ఎపిసోడ్లో మైక్ వెళ్లి నాచో తండ్రిని కలిసి, కొడుకు మరణం గురించి చెప్పి, బాధ్యులకు న్యాయం జరుగుతుందని మాట ఇస్తాడు. కంచెకు అవతల నిలబడిన ఆ పెద్దమనిషి, నువ్వు అంటున్నది న్యాయం కాదు, పగ అని చెప్పి వెనుదిరుగుతాడు. మైక్ లాంటి మొండి మనిషి దగ్గర జవాబు లేకుండా పోయిన సందర్భాలు నాకు తెలిసి చాలా తక్కువ.

పదో ఎపిసోడ్ ‘నిప్పీ’ చాలామందికి నచ్చలేదని నాకు తెలుసు. అంత ఉద్విగ్నత తరవాత ఒమాహా మాల్‌లో దొంగతనం కథ ఏమిటని విసుక్కున్నారు. నేను మాత్రం అందులోని ఒక్క నిమిషం కోసం దాన్ని నా జాబితాలోంచి తీసేయలేకపోయాను. దుకాణంలో దొంగతనం చేస్తున్న కుర్రాడు జారిపడతాడు. ఆ క్షణంలో కాపలాదారు వెనక్కి తిరిగి తెర చూస్తే పట్టుబడతాడు. అతని దృష్టి మళ్లించడానికి జీన్ ఉన్నపళాన ఏడుపు అందుకుంటాడు. తల్లిదండ్రులు లేరు, అన్న లేడు, భార్య లేదు, నేను చచ్చినా తలచుకునేవాడు లేడు అని వెక్కుతాడు. అన్నీ నిజాలే. తన బతుకులో మిగిలిన నిజమైన దుఃఖాన్ని ఒక దొంగతనానికి ఎర వేశాడు. నిజాన్ని కూడా అబద్ధానికి పనిముట్టుగా వాడగలిగే దశకు చేరినవాడు ఇక ఏ కోర్టులో, ఏ నోటితో నిజం చెప్పగలడు? చివరి ఎపిసోడ్‌కు ఈ ప్రశ్నను తీసుకెళ్లింది ఈ ‘నిప్పీ’యే.

ఇక పన్నెండో ఎపిసోడ్, ‘వాటర్‌వర్క్స్’. ఈ సీజన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రచన, దర్శకత్వం విన్స్ గిల్లిగన్. కిమ్ ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంటుంది. తోటలకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు అమ్మే సంస్థలో ఉద్యోగం, ఉత్పత్తుల వివరాలు రాసే పని. జుట్టు రంగు మారింది, ఎప్పుడూ బిగుతుగా ముడివేసే ఆ జడ లేదు. వంటకంలో మయోనీజ్‌కు బదులు మరొకటి వేస్తే ఫర్వాలేదా అని అడిగితే, అవుననీ కాదనీ చెప్పలేకపోతుంది. ఏ విషయంలోనూ తన అభిప్రాయం బయట పెట్టదు. ఒకప్పుడు జడ్జీల ఎదుట నిలబడి పేదవారి తరపున వాదించిన మనిషి ఇక ఎన్నడూ దేనిమీదా తీర్పు చెప్పకూడదని తనకు తానే శిక్ష వేసుకుందని నాకు అనిపించింది.

ఆ ఆఫీసుకు జీన్ దగ్గర నుంచి ఫోను వస్తుంది. ఈ ఫోను సంభాషణను ముందు ఎపిసోడ్లో ఒకసారి చూశాం. అప్పుడు కెమెరా రోడ్డు పక్కన ఫోను డబ్బా బయట ఉండిపోతుంది. వాహనాల రొద మధ్య జీన్ చేతులు ఊపడం, ఫోనును గోడకేసి బాదడం తప్ప మాటలు వినిపించవు. ఇప్పుడు అదే సంభాషణ కిమ్ వైపు నుంచి పూర్తిగా వినిపిస్తుంది. వెళ్లి లొంగిపో అంటుంది ఆమె. నీకంత నీతి ఉంటే నువ్వే వెళ్లు అని అతను రెచ్చిపోతాడు. దెబ్బ కొట్టడానికే ఆ మాట అన్నాడు. ఆమె ఆ మాటనే పట్టుకుంటుంది.

ఆల్బకర్కీకి వెళుతుంది. కోర్టు ఆవరణలో ఒకప్పుడు మైక్ కూర్చుని కార్ల పార్కింగ్ చీటీలు చించిన గదిలో ఇప్పుడు మనిషి లేడు, యంత్రం ఉంది. వరండాలో ఒక యువ లాయరు తన కక్షిదారు టై సరిచేస్తుంటే కిమ్ కాసేపు అలాగే చూస్తుంది. ఆ తరవాత షెరిల్ ఇంటికి వెళ్లి, జరిగినదంతా రాసిన ప్రమాణ పత్రం ఆమె చేతిలో పెడుతుంది. అందులో దాపరికం ఏమీ లేదు. కుట్ర, హత్య, దొంగసాక్ష్యం, అన్నీ ఉన్నాయి. నిన్ను విచారిస్తారా అని షెరిల్ అడుగుతుంది. భౌతిక ఆధారాలేవీ లేవు, బతికున్న మరో సాక్షి నా మాజీ భర్త ఒక్కడే, అతను ఉన్నాడో లేడో అంటుంది కిమ్. అంటే ఈ వాంగ్మూలం ఇచ్చినందుకు ఆమెకు జైలు ఖాయం కాదు, క్షమ దొరకడమూ ఖాయం కాదు. శిక్ష పడితే ఒక విధంగా మనసు తేలికపడేది. ఆ వెసులుబాటు కూడా ఆమెకు లేదు. అయినా వచ్చింది. షెరిల్ ముఖంలో కృతజ్ఞత ఉండదు. ఉండాలని రచయిత కోరుకోనూ లేదు.

తిరిగి విమానాశ్రయానికి వెళ్లే బస్సులో కిమ్ కూర్చుని ఉంటుంది. చుట్టూ సూట్‌కేసులతో ప్రయాణికులు. మొదట పెదవి బిగపట్టుకుంటుంది. ఊపిరి ఒకసారి తప్పుతుంది. ఆపుకోవాలని చూస్తుంది, నోటికి చేయి అడ్డం పెట్టుకుంటుంది, ఇక ఆగదు. ఆరేళ్లుగా గొంతులో కూరుకున్నదంతా బయటికి వస్తుంది, చిన్నపిల్ల ఏడ్చినట్టు వెక్కి వెక్కి ఏడుస్తుంది. కెమెరా పక్కకు తిరగదు, దృశ్యం కోతపడదు. సంగీతం లేదు, బస్సు ఇంజను చప్పుడు మాత్రమే ఉంది. పక్కనున్న అపరిచిత మనిషి చేయి ఒకటి మెల్లగా వచ్చి ఆమె మీద ఆనుతుంది. ఆ మనిషికి ఈమె ఎవరో తెలియదు, ఏం చేసిందో తెలియదు. రియా సీహార్న్ నటనకు అమెరికా టీవీ రంగంలో పేరున్న ఎమ్మీ పురస్కారం రాలేదు. నిజానికి ఈ ధారావాహికకు ఆరు సీజన్లలో 53 ఎమ్మీ నామినేషన్లు వచ్చి ఒక్క పురస్కారం కూడా దక్కలేదు. పురస్కారాలను నేను కొలమానంగా తీసుకోను, అయినా ఆ బస్సు దృశ్యం తలచుకున్నప్పుడల్లా ఇది అన్యాయమని అనకుండా ఉండలేను.

అదే ఎపిసోడ్లో జీన్‌ను ఆదరించిన ముసలావిడ మేరియన్ అతని అసలు గుట్టు కనిపెడుతుంది. ఆ పాత్రలో కరోల్ బర్నెట్ నటించారు. ఆమె కంప్యూటరులో సాల్ పాత ప్రకటన నడుస్తుంటే, నలుపు తెలుపు లోకంలో జీన్ కళ్లద్దాల మీద ఆ ప్రకటన రంగుల్లో ప్రతిఫలిస్తుంది. ఫోను తీగ చేతుల్లో బిగించి అతను ఆమె మీదికి వస్తాడు. నిన్ను నమ్మాను అంటుంది ఆమె. ఆ ఒక్క మాటకు తీగ వదిలేస్తాడు.

చివరి ఎపిసోడ్ ‘సాల్ గాన్’, రచన, దర్శకత్వం పీటర్ గూల్డ్. చెత్తకుండీలో దాక్కుని పట్టుబడిన సాల్ ప్రభుత్వ న్యాయవాదుల ఎదుట కూర్చుని, యావజ్జీవం మీద మరో 190 ఏళ్లన్న శిక్షను ఏడేళ్లకు దించుతాడు. నన్ను కూడా ఆ ముఠా భయపెట్టి ఎడారికి ఎత్తుకుపోయింది, నేనూ బాధితుణ్ణే అని ఒక కథ చెబుతాడు. పన్నెండు మంది జ్యూరీలో ఒక్కరు నమ్మితే చాలు అంటాడు. అంత చక్కగా చెబుతాడు, కథ అంతా తెలిసిన మనకే ఒక్క క్షణం నిజమేనేమో అనిపిస్తుంది. అతని విద్యకు ఇది పరాకాష్ఠ. ఆ తరవాత, జైల్లో ఐస్‌క్రీమ్ కావాలని, అందుకు బదులుగా హోవర్డ్ మరణం సంగతి చెబుతానని బేరం పెడతాడు. అది మాకు ముందే తెలుసు, నీ మాజీ భార్య వచ్చి చెప్పింది అంటారు వాళ్లు. సాల్ పాత్రధారి బాబ్ ఓడెన్‌కర్క్ ఆ మాట విన్నప్పుడు ఏమీ చేయడు. ముఖంలో వెలుగు మాత్రం ఆరిపోతుంది. ఈ సీజన్ చిత్రీకరణ మధ్యలో, 2021 జులైలో గుండెపోటుతో పడిపోయి, కొన్ని వారాల్లో తిరిగి వచ్చి పని పూర్తి చేసిన నటుడాయన.

కోర్టులో సాల్ మెరిసే సూటు వేసుకుని వస్తాడు. వెనక వరసలో కిమ్ ఉంటుంది. ఆమెను రప్పించడానికి ఆమె మీద ఏదో సాక్ష్యం ఉందని కట్టుకథ పుట్టించింది అతనే. ప్రమాణం చేసి నిలబడి, ముందు తన పాత బాణీలోనే మొదలుపెడతాడు. ఆ వాక్యాలు నడుస్తూ నడుస్తూ దారి మళ్లుతాయి. ‘బ్రేకింగ్ బ్యాడ్’ కథానాయకుడు వాల్టర్ వైట్ కట్టిన మాదకద్రవ్యాల సామ్రాజ్యం నేను లేకపోతే ఒక నెల కూడా నిలిచేది కాదు అంటాడు. హోవర్డ్ సంగతి చెబుతాడు. ఆ తరవాత ఎవరూ అడగని మాట ఒకటి చెబుతాడు: అన్న చక్ బీమా రద్దయ్యేలా చేసింది నేనే, అతని బతుకైన వృత్తి పోయేలా చేసింది నేనే, అందుకే అతను చనిపోయాడు. పక్కన ఉన్న వకీలు ఓక్లీ, అది అసలు నేరమే కాదు కదా అంటాడు. నేరమే అంటాడు అతను.

నాచో ఎడారిలో ఎవరూ అడగని నిజం చెప్పినట్టే ఇతనూ చెప్పాడు. జడ్జి అతన్ని గుడ్‌మన్ గారూ అని పిలిస్తే, నా పేరు మెక్‌గిల్, జేమ్స్ మెక్‌గిల్ అని సరిదిద్దుతాడు. ఏడేళ్లు 86 ఏళ్లయ్యాయి. ఇది కిమ్ మెప్పు కోసం చేసిన మరో ప్రదర్శన అని కొందరు విమర్శించారు. ఆమె చూడాలనే చేశాడన్నది నిజం. అయితే ప్రదర్శనకు అతను ఇప్పటిదాకా ఎన్నడూ ఖరీదు చెల్లించలేదు, ఖరీదంతా ఎదుటివాళ్లదే. ఈసారి 79 ఏళ్లు తన జేబులోంచి పెట్టాడు. అందుకే ఆ విమర్శ నాకు అంగీకారం కాదు.

ఎపిసోడ్ మధ్యలో మూడు పాత జ్ఞాపకాలు వస్తాయి. కాలయంత్రం దొరికితే ఎక్కడికి వెళతావని జిమ్మీ ఎడారిలో మైక్‌ను అడుగుతాడు. తొలి లంచం పుచ్చుకున్న రోజుకు అంటాడు మైక్. అదే ప్రశ్న తనకు ఎదురైతే జిమ్మీ డబ్బు గురించి ఏదో చెప్పి తప్పించుకుంటాడు. చివరి జ్ఞాపకంలో అన్న చక్ ఉంటాడు. వెళుతున్న దారి నచ్చకపోతే వెనక్కి తిరిగి మార్చుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదని తమ్ముడికి చెబుతాడు. లోపలికి నడిచి వెళుతున్న చక్ చేతిలో హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది టైమ్ మెషీన్’ పుస్తకం ఉంటుంది. మైక్‌ను కాలయంత్రం గురించి అడగాలన్న ఆలోచన ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలుస్తుంది.

జైలుకు కిమ్ వస్తుంది. గడువు తేదీ ముద్రించని పాత లాయరు కార్డు చూపించి లోపలికి వచ్చానంటుంది. ఇద్దరూ గోడకు ఆనుకుని ఒకే సిగరెట్ పంచుకుంటారు. 2015లో వచ్చిన మొట్టమొదటి ఎపిసోడ్లో, ఆఫీసు కింద కార్లు నిలిపే చోట, ఇలాగే గోడకు ఆనుకుని ఇలాగే ఒక సిగరెట్ పంచుకున్నారు. తెర అంతా నలుపు తెలుపే, ఆ చిన్న మంట ఒక్కటే రంగులో ఉంటుంది. ఏడేళ్లకు దించావు కదా అంటుంది ఆమె. దించాను అంటాడు. 86 ఏళ్లు అంటుంది. మంచి నడవడికతో ఉంటే ఎవరికి తెలుసు అంటాడు. ఇంతకు మించి వాళ్ల మధ్య మాటలు అంతగా లేవు. ఒకప్పుడు నిమిషానికి వంద మాటలు ఆడిన మనిషి.

బయటికి వెళుతున్న కిమ్ ఆవరణలో ఆగి వెనక్కి చూస్తుంది. కంచె అవతల జిమ్మీ నిలబడి ఉన్నాడు. రెండు చేతుల వేళ్లతో తుపాకీ ఆకారం పట్టి, ఒకప్పుడు తమ మధ్య నడిచిన ఆట గుర్తుగా ఆమె వైపు గురిపెడతాడు. ఆమె కాసేపు చూసి నడక సాగిస్తుంది. ఆమె అడుగులతో పాటే కెమెరా కదులుతుంటే, జైలు గోడ అంచు నెమ్మదిగా అడ్డం వచ్చి అతన్ని కప్పేస్తుంది.